సభారంజనము

పాండవోద్యోగ నాటకమునందలి శ్రీకృష్ణ రాయబారమును చూచుటకు రెండు జాముల రాత్రివరకు మేలుకొని కూర్చున్నవారిలో, దుర్యోధనుడు మనసు మార్చుకొని అయిదూళ్ళైన నిచ్చునేమో యని యెదురుచూచువాడొక్కడును ఉండడు. కథ అందరికిని తెలిసినదే. కృష్ణ వేషధారి పద్యమెత్తుకొనునది కౌరవసభకు గాదు, ఎదుట చాపలమీద కూర్చున్న సభకు. హార్మోనియముతో పోటీపడి రాగము తీసి అతడు పద్యము ముగించినంతనే ‘వన్సుమోర్’ అను కేక పుట్టును. దుర్యోధన వేషధారియు ఆ కేక యణగువరకు మర్యాదగా వేచియుండి పిదప తన పద్యమందుకొనును. తిరుపతి వేంకటకవులు ఈ రహస్యము నెఱిగియే పద్యములు కూర్చిరి. సంధి పొసగలేదు, సభ వశమైనది. రాయబారము చెడుటయే నాటకమునకు ప్రాణము.

నాటకములో ఇది గుణము. రాజకీయ సభలో ఇది యేమగును? ఈ ప్రశ్నను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములను దృష్టియందుంచుకొని విచారింపదలచితిని. ఈ మూడును పూర్వము నల్లగొండ జిల్లాలోనివే. 2016లో సూర్యాపేట ప్రత్యేక జిల్లా కాగా కోదాడ దానిలో చేరినది, మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచినది. తెలుగుదేశమున సభ యనునది యెట్లు పుట్టినదో, యెట్లు మారినదో తెలిసికొనుటకు ఇంతకంటె అనువైన సీమ లేదని నా తలంపు.

మొదట నేటి వాడుకను చూతము. ఒక పక్షపు నాయకుడు విలేఖరులను పిలిచి, ఈ సీమకు నీరు తెచ్చినది తామేయనియు, కాదని నిరూపించినచో పదవి వదలుకొందుననియు సవాలు విసరును. అవతలి పక్షమువారు సవాలును స్వీకరించితిమందురు. తేదియు, గంటయు, స్థలమును ప్రకటింపబడును. స్థలము పట్టణపు నాలుగుబాటలకూడలియో, గుడి ముంగిలియో, హైదరాబాదులోని ప్రెస్సుక్లబ్బో యగును. ఆనాటి యుదయమున పోలీసులు ఒకరిని ఇంటివద్దనే నిలుపుదురు. లేదా ఒకరు మాత్రము వచ్చి, రెండవవారి పేర వేసిన ఖాళీ కుర్చీని చూపి, ఛాయాచిత్రములు తీయించుకొని మరలిపోదురు. సాయంకాలమునకు ఇరుపక్షములవారును బాణసంచా కాల్తురు. వాదము జరుగనేలేదు, ఇరువురును గెలిచిరి!

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరులో జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967లో కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములను తడుపుచున్నది. మిర్యాలగూడకు బియ్యపు మిల్లుల ఊరను పేరు వచ్చినది ఆ నీటివలననే. కాలువ పైభాగమున నున్నవానికిని చివరి తూముక్రింద నున్నవానికిని నీటియందు భేదమున్నదని ఆ సీమలో బాలురకును తెలియును. చివరి మడిగల రైతు సభకు వచ్చినది ఈ యేడు ఎన్ని తడులకు నీరు వచ్చునో, ఏ వారమున వచ్చునో తెలిసికొందమని. అచ్చట వాని చెవిని బడునది నీరు తెచ్చిన కీర్తి యెవరిదను తగవు. ఆ తగవులో ఛలోక్తులుండును, సామెతలుండును, ఎదుటివాని నడకను అనుకరించుటయు నుండును. రైతు నవ్వును. నవ్వి యింటికి పోవును. ఎన్ని తడులను ప్రశ్న అతని కండువా కొంగుననే ముడిపడియుండును.

ఈ సవాళ్ళకంటె బుఱ్ఱకథ నిజాయితీ గలదని నేననుకొందును. బుఱ్ఱకథలో మువ్వురుందురు. నడుమ తంబురా మీటుచు అందెలు మ్రోయించువాడు కథకుడు. ఇరుప్రక్కల నున్నవారు వంతలు. వారిలో నొకడు హాస్యము చెప్పువాడు, రెండవవాడు రాజకీయము చెప్పువాడు. మన జానపదకళలో ‘రాజకీయము’ అనునది ఒక వేషమునకు పేరైనదన్న సంగతి ఆలోచింపదగినది. కథ పల్నాటిదైనను బొబ్బిలిదైనను, రాజకీయపు వంత నడుమనడుమ నేటి ధరలను, నేటి దొరలను కథలోనికి లాగుకొనివచ్చును. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలివారు ఈ కళను చేపట్టి, షేక్ నాజరువంటి కళాకారులచేత ఊరూర వినిపించిరి. ఇందులో వాదమున్నది. వంత సందేహమడుగును, కథకుడు తీర్చును. అయితే ఆ సందేహము కథకునికి ఏది కావలెనో అదియే. తీర్చలేని ప్రశ్నను ఏ వంతయు అడుగడు. ప్రశ్నించువాడును బదులు చెప్పువాడును ఒకే మేళమువారు. ఇది కళకు దోషము గాదు, ఏలయన మువ్వురును ఒకే రంగు అంగరఖాలు తొడుగుకొని ఒకే వేదికమీద నిలుతురు. చూచువానికి మోసము లేదు.

టెలివిజనులో రాత్రి తొమ్మిది గంటలకు జరుగు చర్చలలో నీ రంగులు కనబడవు. చర్చను నడుపువాడు మధ్యస్థునివలె కూర్చుండును. ఒక్కొక్కప్పుడు అతడు నిజముగా మధ్యస్థుడే కావచ్చును. కాని అతడు ఎవరిని ఎప్పుడు అడ్డుకొనునో, ఎవరికి ఎంతసేపు విడుచునో నాలుగు రాత్రులు శ్రద్ధగా చూచినచో, అతడు ఏ మేళపు వంతయో తెలిసికొనుట కష్టము గాదు. మన యిండ్లలో భోజనముల వేళ ఈ చర్చలే మ్రోగుచున్నవి. పిల్లలు వాదమనగా ఎదుటివాని మాట పూర్తికాకుండ తన గొంతు హెచ్చించుటయే యని నేర్చుకొనుచున్నారు. ఇంటిలో పెద్దలు ఈ సంగతిని తేలికగా తీసికొనుచున్నారు. నాకు మాత్రము ఇది తేలికగా కనబడదు.

ఇక సభ పుట్టుకను చూతము. నిజాము రాష్ట్రమున తెలుగువారి ప్రజాజీవితము ఒక గెలిచిన ఉపన్యాసముతో గాక, ఓడిన ఉపన్యాసముతో ఆరంభమైనది. 1921 నవంబరులో హైదరాబాదున మహర్షి కార్వే అధ్యక్షతను సంఘసంస్కార మహాసభ జరిగెను. అందులో ఆంగ్లమున, ఉర్దూన, మరాఠీన మాటలాడినవారిని సభ విన్నది. అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప లేవగా సభ్యులు గోలచేసి, చప్పట్లు చఱచి ఆయనను కూర్చుండజేసిరి. ఆయన చెప్పదలచినది మంచిదో చెడ్డదో వినినవాడు లేడు. సభ తీర్పు విషయము మీద గాక భాషమీద వెలువడినది. సంఘసంస్కారమునకై కూడిన విద్యావంతులే ఆ తీర్పరులగుట మన పాఠకులు మఱువరాదు. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. దానినుండి 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను మొదటి ఆంధ్రమహాసభ జరిగెను.

ఆ దినములలో సభ చేయుటయే యొక సాహసము. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ప్రకారము సర్కారు అనుమతి లేనిదే సభ కూడరాదు. అందుచేత వక్తలు విద్య, గ్రంథాలయము, వితంతు వివాహము అను మాటల చాటున తక్కినదంతయు చెప్పవలసివచ్చెను. ఇచ్చట ఒక చిత్రమును చెప్పక తప్పదు. సూర్యాపేటనుండి కోదాడకు పోవు త్రోవలో మునగాల యున్నది. ఆ పరగణా నలువైపుల నిజాము రాజ్యము, నడుమ మాత్రము మద్రాసు రాజధానికి చెందిన కృష్ణా జిల్లా! త్రోవలో కొన్ని మైళ్ళు నడచినంతనే చట్టము మారును, నోరు మారును. ఈ మునగాల జమీందారు నాయని వెంకటరంగారావుగారు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపనకును, 1906లో విజ్ఞానచంద్రికా మండలికిని అండయై నిలిచినవారు. వారి దివాను కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు. 1930 తరువాతి సంవత్సరములలో ఆ పరగణా రైతులే ఆ జమీందారుగారిమీద ఆందోళనకు లేచిరి. పుస్తకములకు ధనమిచ్చిన చేయియే పన్ను వసూలుచేసిన చేయి యని రైతులు చెప్పగలిగిరి. ఇందు కృతఘ్నత యేమియు నాకు కనబడలేదు.

1941లో హుజూర్‌నగర్ తాలూకాలో, కోదాడకు దాపుననున్న చిలుకూరున, రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతను ఎనిమిదవ ఆంధ్రమహాసభ జరిగెను. 1944లో భువనగిరి సభలో మరల ఆయనయే అధ్యక్షుడు. మితవాదులు అందులోనుండి తొలగిపోయిరి. సభ్యత్వ రుసుము నాలుగణాలనుండి ఒక అణాకు తగ్గింపబడెను. చరిత్రకారులు ఈ చీలికను పక్షముల కలహముగా వ్రాయుదురు. సభారంజనమును విచారించు మనకు అందులో వేఱొక విషయము కనబడును. తొలినాళ్ళ మహాసభ వకీళ్ళకును, భూవసతి గలవారికిని చెందిన సభ. వెట్టిచాకిరి చేయించుకొను వర్గమువారు ముందు వరుసలలో కూర్చుండగా, వెట్టి మానవలెనని వారియెదుటనే చెప్పవలెను. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ కులములవారు కూలి లేకుండ చాకిరి చేయుట తప్పని చెప్పినప్పుడు ముందు వరుసనుండి చప్పట్లు రావు. ఆ నిశ్శబ్దమును భరించి మాట్లాడినవాడే నా దృష్టిలో వక్త. రావి నారాయణరెడ్డిగారును భూవసతి గల కుటుంబమునుండి వచ్చినవారే యగుట ఆ మాటకు బలమిచ్చినది. ఒక అణా రుసుమన్నది వెనుక నిలుచున్నవానికి కూర్చుండుటకు చాప వేయుటయే.

సభను వశపఱచుకొనుటకును, సభకు వశమగుటకును భేదము చాల సన్నము. జనమునకు ముందే ప్రియమైన మాటను ఇంపుగా చెప్పినవానికి చప్పట్లు పడును. అతడు సభను గెలిచితిననుకొనును. నిజమునకు సభయే అతనిని గెలిచినది. అతడు వచ్చినప్పుడు వారి మనసులో ఏమున్నదో, పోవునప్పుడును అదియే యున్నది. అతని మనసులో నున్నది మాత్రము మారిపోయినది.

దీనికి దేశాంతరమునుండి ఒక నిదర్శనము చెప్పుదును. 1858లో అమెరికాలోని ఇల్లినాయిసు రాష్ట్రమున ఏబ్రహాం లింకనును స్టీఫెను డగ్లసును ఏడు ఊళ్ళలో వాదించిరి. ఒక్కొక్క వాదము మూడు గంటలు. మొదటివానికి ఒక గంట, రెండవవానికి గంటన్నర, మరల మొదటివానికి అరగంట. రైతులు బండ్లు కట్టుకొని వచ్చి నిలువుకాళ్ళమీద వినిరి. రాజకీయ వాదమునకు ఇది మేలుబంతి యని పాఠ్యపుస్తకములు వ్రాయుచున్నవి. మూడు గంటల ఓపిక మెచ్చదగినదే. కాని చార్లెస్టను అను ఊరిలో, నల్లవారికి తెల్లవారితో సమానత కోరుచున్నాడని డగ్లసు తనమీద మోపిన నిందను తప్పించుకొనుటకు, అట్టి సాంఘిక రాజకీయ సమానత తనకు సమ్మతము గాదని లింకనంతటివాడు ప్రసంగారంభమున చెప్పెను. బానిసత్వము తప్పని ఎఱిగిన మనుష్యుని నోట ఆ మాట రప్పించినది ఎదుటనున్న సభయే. ఆ యేటి సెనేటు స్థానము డగ్లసునకే పోయినది. 1860లో లింకను దేశాధ్యక్షుడయ్యెను. చార్లెస్టను మాటలు మాత్రము నేటికిని ఆయనను వెన్నాడుచున్నవి.

ఇంతకంటె ప్రాచీనమైన కథ గ్రీసు దేశమునందున్నది. క్రీస్తుపూర్వము 427లో, తిరుగుబాటు చేసిన మితిలీని నగరపు పురుషులనందఱిని చంపవలెనా వలదా యని ఏథెన్సు పౌరసభ రెండు దినములు చర్చించెను. చంపవలెనన్న క్లియాను సభను నిందించుచు, మీరు రాజ్యకార్యము నాలోచించు పౌరులవలె గాక, పండితుల వాక్పటిమను చూడవచ్చిన ప్రేక్షకులవలె కూర్చున్నారని చెప్పినట్లు థుసిడిడీసు వ్రాసెను. నింద సత్యమే. నిందించిన క్లియానే ఆ కాలమున సభను రెచ్చగొట్టుటలో అందఱికంటె దిట్ట యగుట విశేషము. ప్రేక్షకులను ప్రేక్షకులని తిట్టి చప్పట్లు పొందుట వక్తలకు నాటినుండియు నున్న విద్య. మన టెలివిజను వక్తలలోను దీని నెఱిగినవారున్నారు. అయితే ఏథెన్సువారు మఱునాడు మరల కూడి, ముందునాటి తీర్పును స్వల్పమైన ఆధిక్యముతో త్రిప్పివేసిరి. పంపిన నావను వెంబడించి రెండవ నావను పంపిరి. సభ తన తప్పును తానే దిద్దుకొనగలుగుటకు ఒక రాత్రి వ్యవధి చాలినది.

మన సాహిత్యమున ఈ విషయమును గురజాడ అప్పారావుగారికంటె బాగుగ చూచినవారు లేరు. కన్యాశుల్కములో గిరీశము బండివానికి నేషనల్ కాంగ్రెసును గూర్చి చాలసేపు ఉపన్యసించును. వాడు అంతయు విని, ఆ కాంగ్రెసువారు తన యూరి హెడ్డుకానిస్టేబులును ఎప్పుడు బదిలీ చేయుదురని యడుగును. పాఠకులు బండివాని అమాయకతకు నవ్వుదురు. నాకు ఆ చోట నవ్వు గిరీశముమీదనే వచ్చును. బండివాడు ఉపన్యాసమంతటిలో లేనిదానిని ఒక్క ప్రశ్నతో పట్టుకొన్నాడు. తనను పీడించువాడెవడో వానికి తెలియును. ఈ కాంగ్రెసు అను క్రొత్త దేవత వానిని తొలగించునా లేదా యన్నదే వాని పరీక్ష. చిలుకూరు సభనాటి రైతు అడిగినదియు వెట్టి యెప్పుడు పోవుననియే. నేటి కోదాడ రైతు అడుగదలచినది నీరెప్పుడు వచ్చుననియే. ముగ్గురును ఒకే జాతివారు.

సభారంజనమంతయు చెడ్డదని నేననను. పొడిమాటలు చెప్పువానిని ఎవరును వినరు, వినని మాట ఎంత సత్యమైనను పంటకు రాదు. ఈ సీమయందే కరివిరాల కొత్తగూడెమున భూస్వాముల యింట 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యముగారు బాల్యముననే ఉద్యమమున చేరి, ఉయ్యాలపాటలతో ఊరి స్త్రీలను కూడగట్టిరి. ఉయ్యాలపాటలో ఒకరు చరణమెత్తగా తక్కినవారు ‘ఉయ్యాలో’ అని అందుకొనవలెను. వినుటకు మాత్రమే వచ్చినవారికి అందులో చోటులేదు, నోరు కలుపక తప్పదు. పాటవలన గొంతు పెగిలిన స్త్రీ మఱునాడు దొర గడీ ముందర నిలిచి మాట్లాడగలిగెను. ఇట్టి రంజనమును నేనెట్లు కాదందును? స్వరాజ్యముగారు తరువాత 1978లోను 1983లోను తుంగతుర్తినుండి శాసనసభకు ఎన్నికైరి, 2022లో కాలధర్మము నొందిరి. ఆమె ఆత్మకథకు ‘నా మాటే తుపాకీ తూటా’ అని పేరు. ఆ పేరుమీద నాకొక్క ఆక్షేపణ కలదు. తూటా బదులు కోరదు. తుపాకుల నెదుర్కొన్న దినములలో ఆ మాట సహజమే. దానిని నేటి నాయకులు సభలలో తమ నోటి దురుసుతనమునకు బిరుదముగా వాడుకొనుట మాత్రము తగదు.

మిర్యాలగూడనుండి 1999లోను 2004లోను లోక్‌సభకు ఎన్నికైన ఎస్. జైపాల్‌రెడ్డిగారి ఆంగ్లభాషణము ఢిల్లీ విలేఖరులను నిఘంటువులు తిరగవేయించెనని ప్రతీతి. ఆ యుపన్యాసములు ఆయనకు ఓటువేసిన వారిలో పెక్కుమందికి అర్థమగునవి గావు. వారు వానికొఱకు ఓటు వేయలేదు. పార్లమెంటు సభ వేఱు, బియ్యపు మిల్లుల ఊరి సభ వేఱు. రెండింటను ఒకే గొంతుతో మాట్లాడి మెప్పించినవారు మన దేశమున అరుదు.

ఓటరులు వక్తృత్వమునకు లోబడి ఓటు వేయుదురన్న నమ్మకము వక్తలకున్నంతగా చరిత్రకు లేదు. 1952 ఎన్నికలలో నల్లగొండనుండి రావి నారాయణరెడ్డిగారికి 3,09,162 ఓట్లు వచ్చెను, నెహ్రూగారికంటె నెక్కువ. అది ఇద్దఱు సభ్యుల నియోజకవర్గ మగుటచే ఒక్కొక్క ఓటరునకు రెండేసి ఓట్లుండెను, పోలికలో ఆ సంగతి కలుపుకొనవలెను. ఐనను ఆ ఓట్లు ఒక సాయంకాలపు ఉపన్యాసమునకు పడినవి గావు, పదేండ్ల కష్టమునకు పడినవి.

1996లో ఇంకొక వింత జరిగినది. నల్లగొండ నీటిలోని ఫ్లోరైడువలన ఎముకలు వంగిపోవుచున్నను తమ మాట వినువారు లేరని విసిగి, అచ్చటి ప్రజలు లోక్‌సభ స్థానమునకు గుంపులుగా నామినేషనులు వేసిరి. అభ్యర్థులు 480 మంది! బ్యాలెట్టుపత్రము పుస్తకమంత యయ్యెను, ఎన్నిక వాయిదా పడెను. వారిలో వక్తలు లేరు, వేదిక లేదు, మైకు లేదు. తమకు అర్థము కాని భాషలో ఇన్నాళ్ళు తమయెదుట వాదించినవారికి, వారు తప్పక చదువవలసిన కాగితముమీదనే బదులు వ్రాసిరి. గెలిచినవారు సూర్యాపేటవారైన బొమ్మగాని ధర్మభిక్షముగారు. ఓడినవారి పేర్లే ఆ యెన్నికను దేశమునకు తెలియజేసినవి.

కావున మా సీమలోని పఠనమందిరములవారికిని, యువజన సంఘములవారికిని, మహిళా సంఘములవారికిని ఒక్క సూచన చేయుదును. ఎన్నికల వేళ ఏ పక్షమువారు సభ చేసినను, ఉపన్యాసములు ముగిసిన పిదప అరగంట ప్రశ్నలకు విడువవలెనని ముందుగనే షరతు పెట్టుడు. ప్రశ్నలు చీటీలమీద వ్రాయించుడు, వ్రాయనేరనివారికి బడిపిల్లలు వ్రాసి యిత్తురు. చీటీలను ఏ పక్షమునకును చెందనివారు ఒకరు చదువవలెను. వాహనములెక్కించి, దినకూలి యిచ్చి ముందు వరుసలలో కూర్చుండబెట్టు స్త్రీలే నేడు సభకు నిండుదనము తెచ్చుచున్నారు, వారి చీటీలు మొదట చదువుడు. బదులు చెప్పువానికి మూడు నిమిషములకంటె నీయవలదు. బదులు రాని చీటీలను, తేదీతోను వక్త పేరుతోను, మఱునాడు పఠనమందిరపు గోడకు అంటింపుడు.